దెబ్బ తగలని సిపాయి

తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీ వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న సందు ఉండేది. ఆ సందులో, వెంకటరమణమ్మ గారి పెంకుటింటి వెనక వాటాలో, రాజలింగం అనే మాజీ సిపాయి కాపురం ఉండేవాడు. పొద్దున్నే అతను పనికి బయలుదేరితే పిల్లలు ఆట ఆపి మరీ చూసేవారు. ఒంటి మీది చొక్కా వెలిసిపోయి ఉండేది, పంచెకు మాసికలుండేవి. కాళ్ళకున్న నల్ల బూట్లు మాత్రం నిగనిగలాడుతూ ఉండేవి.

"పని జూస్తే సీతాఫల్‌మండి గోదాంల బస్తాలు మోసుడు. బూట్లు జూస్తే కల్నల్ సాబ్!" అని పక్కింటి వెంకటేశం నవ్వేవాడు. నవ్వాడని అతన్ని తప్పు పట్టలేం. వట్టికాళ్ళ హమాలీల మధ్య ఒక బూట్ల హమాలీ కనిపిస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. మిలిటరీ వదిలినా డాబు వదలలేదని అందరూ అనుకున్నారు.

ఆ బూట్ల వెనక ఉన్నది డాబు కాదని సందు మొత్తంలో ఒక్క మనిషికే తెలుసు. ఆమె అతని భార్య భూదేవి. రోజూ తెల్లవారగానే తలుపు గడియ పెట్టి, పాతచీర పీలికలూ దూదీ కలిపి ఉండలు చుట్టి, బూట్ల ముందుభాగంలో కూరేది ఆమే. అక్కడ ఉండవలసిన వేళ్ళు రాజలింగానికి లేవు. రెండు పాదాలకూ లేవు.

జనగామ దగ్గర పల్లెలో నీళ్ళులేని చెలక తప్ప ఏమీ లేని ఇంట్లో పుట్టి, మీసాలు వచ్చీరాని వయసులో పల్టన్లో చేరాడు రాజలింగం. చైనా యుద్ధం వచ్చిన చలికాలంలో అతని దళాన్ని ఉత్తరాది కొండల మీదికి ఎక్కించారు. తడిసిన బూట్లతో, మంచులో, కదలకుండా కాపలా కాశాడు. వేళ్ళు ముందు తెల్లబడ్డాయి, తరువాత నల్లబడ్డాయి. ఆసుపత్రిలో వాటిని తీసేశారు. ఆ తరువాత మిగిలిన సర్వీసంతా రేషన్ స్టోరులో బియ్యం, పప్పు తూచే పని ఇచ్చారు. గడువు తీరగానే మంచివాడని మాత్రం కాగితం రాసి, అందులో కాళ్ళ ఊసు లేకుండానే ఇంటికి పంపారు. దేశం కోసం కాళ్ళిచ్చినవాడికి దేశంలో బతకడానికి దారి దొరక్కపోతుందా అనుకుంటూ అతను హైదరాబాదులో రైలు దిగాడు.

దారి దొరకలేదు. మొదట ఒక సినిమా హాల్లో గేటు దగ్గర పని అడిగాడు. మేనేజరు మనిషిని చూసి సరేనన్నాడు, నడక చూసి కాదన్నాడు. ఒక ఫ్యాక్టరీలో కాపలా పనికి వెళితే, అక్కడివాళ్ళు అతన్ని ఆవరణ చుట్టూ పరుగెత్తించి చూశారు. "దొంగ ఉరికితె వీడెక్కడ ఉరుకుతడు?" అని చేతులు తట్టి నవ్వారు. అన్నిటికంటే ఘోరం ఒక బట్టల దుకాణంలో జరిగింది. ఆ సేటు భక్తిపరుడు. అన్నదానాలు చేసేవాడు. రాజలింగం నిజాయితీగా బూటు విప్పి చూపించాడు. సేటు మొహం పక్కకు తిప్పుకుని, "పొద్దున బోణీ వేళ ఈ అవిటికాళ్ళేంది నా దుకాణంల? పో, పో!" అన్నాడు.

ఆ రోజు రాజలింగం ఇంటికి వచ్చి అన్నం తినలేదు. భూదేవి ఎదురుగా కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తరువాత కళ్ళు తుడుచుకుని ఒక మాటంది.

"ఇగ ఎవలకు సూపకు. ఎవలకు జెప్పకు. కడుపు చించుకుంటె కాళ్ళ మీద పడ్తది. మన కష్టం మన బూట్లల్ల ఉండనీ."

అతను తల ఊపాడు. పల్టన్లోనూ అదే నేర్చాడు. నొప్పి అని సిక్ రిపోర్టు చేసేవాణ్ణి అక్కడ కామ్‌చోర్, పనిదొంగ అంటారు. గోదాము మేస్త్రీ భుజాలు చూశాడు గానీ కాళ్ళు చూడలేదు, అందువల్ల హమాలీ పని దొరికింది. వేళ్ళున్నవాడు బస్తా ఎత్తితే బరువు పాదమంతా పరుచుకుంటుంది. రాజలింగానికి ఆ బరువంతా కోసిన చోట పడేది. సాయంత్రానికి పీలికలు తడిసి ఎర్రగా వచ్చేవి. భూదేవి వాటిని ఎవరూ చూడకుండా ఉతికి, తన చీర కింద దాచి ఆరేసేది.

కొన్నాళ్ళకు యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టలు మెస్‌లో భూదేవికి కూరగాయలు తరిగే పని దొరికింది. వార్డెను రూతు గారు గుంటూరు వైపు మనిషి. మాట కటువు, మనసు మెత్తన. ఆ మెస్‌లోనే స్టోరు చూసే పని ఒకటి ఖాళీ అయింది. సరుకు తూచి తీసుకోవడం, తూచి ఇవ్వడం, కూర్చుని చేసే పని. సర్కారు వేసిన కొత్త పద్ధతి ప్రకారం అలాంటి ఉద్యోగాల్లో కొన్ని మాజీ సైనికులకు ఎత్తిపెట్టాలట. ఈ ఉద్యోగం వారి వంతుకు వచ్చింది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజిలో పేరు రాయించుకున్న రాజలింగానికి పిలుపు వచ్చింది.

కబురు సందంతా పాకింది. వెంకటేశానికి మాత్రం అది మింగుడుపడలేదు. అతని తమ్ముడు బి.ఏ. పాసై ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

"అన్ని నౌకరీలు మిలిటరోళ్ళకే ఇస్తె సదువుకున్నోళ్ళు ఏ గంగల దుంకాలె?" అన్నాడు అరుగు మీద కూర్చుని, రాజలింగానికి వినపడేటట్టుగానే.

అతని బాధా నిజమే. ఒక ఉద్యోగానికి పది ఆకళ్ళు కాచుకుని ఉన్న రోజులవి. రాజలింగం లోపలికి వచ్చి బూట్లకు పాలిష్ పెట్టుకున్నాడు. ఈ పని వస్తే కాళ్ళు బతుకుతాయి, రాకపోతే గోదాము తినేస్తుంది. ఆ సంగతి భార్యాభర్తలిద్దరికీ తెలుసు.

ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రం భూదేవి మెస్ వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంది. రూతు గారు వచ్చి పక్కన నిలబడ్డారు. మరునాటి బోర్డులో ఆమె కూడా కూర్చుంటారని భూదేవికి తెలుసు.

"భూదేవీ, రేపటి పిలుపుల్లో మీ ఆయన పేరు చూశాను."

"అవునమ్మా. మీ దయ."

"నా దయేం లేదు. ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. యుద్ధంలో ఆయనకి ఎక్కడైనా దెబ్బ తగిలిందా?"

భూదేవి చేతులు ఆగిపోయాయి. బట్టల సేటు మొహం తిప్పుకోవడం, ఫ్యాక్టరీవాళ్ళ నవ్వులు ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఇక్కడా అదే ఆరా! చివరికి ఈ అమ్మ కూడా కాళ్ళే చూస్తుందన్న మాట.

"లేదమ్మా. గుండ్రాయి తీర్గ ఉన్నడు."

"నిజంగానా? చిన్న దెబ్బయినా సరే."

"మా ఎల్లమ్మ తోడు. ఇంత గీరుకపోలే."

రూతు గారు ఇంకేదో అనబోయారు. అనకుండానే మానుకున్నారు. "సరేలే" అని వెళ్ళిపోయారు. గండం గడిచిందని భూదేవి లోలోపల సంతోషించింది. ఇంటికి వెళ్ళి మొగుడికి మరీ మరీ చెప్పింది: "గీ ముచ్చటే అడుగుతరు. పైలం. కాళ్ళ సంగతి ఎత్తకు."

మరునాడు యూనివర్సిటీ ఆఫీసు మెట్ల దగ్గర వేపచెట్టు కింద భూదేవి కూర్చుంది. పుస్తకాలు గుండెకు హత్తుకుని ఆడపిల్లలు, సైకిళ్ళు నడిపించుకుంటూ మగపిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు. రాజలింగం నిటారుగా, పరేడ్‌లో నడిచినట్టు మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు. ఒక్క మెట్టు దగ్గర కూడా తడబడలేదు. ఆ నడక వెనక ఎంత నొప్పి ఉందో తెలిసిన ఒకే ఒక్క మనిషి చెట్టు కింద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

అతను వెలిగిపోతున్న ముఖంతో తిరిగి వచ్చాడు. సందు చివరి దుకాణంలో జిలేబి పొట్లం కట్టించాడు. ఇంట్లో బూట్లు విప్పితే దూది ముద్దగా తడిసి ఉంది. అయినా అతని ఉత్సాహం తగ్గలేదు.

"కూసోమన్నరు. ఆఫీసర్ల ముంగట ఎట్ల కూసుంట? ఖడానే ఉన్న. తూకం సంగతులు అడిగిన్రు, అన్నీ చెప్పిన. మీ వార్డెనమ్మ ఒకపారి అడిగింది, ఇంకో పెద్దసారు ఒకపారి అడిగిండు, లడాయిల దెబ్బ తగిలిందా అని."

"ఏమన్నవ్?"

"నహీ సాబ్, సబ్ ఠీక్ హై అన్న. సెల్యూట్ గొట్టిన."

ఇద్దరూ జిలేబి తిన్నారు. పెళ్ళయ్యాక అంత తియ్యని సాయంత్రం వాళ్ళకు రాలేదని భూదేవి తరువాత ఎప్పుడూ చెప్పుకుని ఏడ్చేది.

ఉద్యోగం సామేలు అనే ఇంకో మాజీ సిపాయికి వచ్చింది. రాజలింగం ఆ కబురు విని, "వాడు గూడ మనోడే. పోనీ" అని పంచె దులుపుకుని గోదాముకు వెళ్ళిపోయాడు. వానాకాలం మొదలైంది. గోదాము ముందు బురదలో, తడిసిన బూట్లతో బస్తాలు మోశాడు. రాత్రి మూలిగేవాడు, పొద్దున్నే ఏమీ లేదనేవాడు. ఇప్పుడు పీలికలు తనే కూరుకునేవాడు, పాదాలు భూదేవి కంట పడనిచ్చేవాడు కాదు. భూదేవి అడిగితే, "సబ్ ఠీక్ హై" అని నవ్వేవాడు. ఆ మాట అతనికి ఊపిరిలా అలవాటైపోయింది.

సామేలు మెస్ స్టోరులో చేరాడు. తెనాలి వైపు కుర్రాడు, కలుపుగోలు మనిషి. ఒకరోజు భూదేవికి పప్పు తూచి పోస్తుంటే ఆమె కళ్ళు అతని కుడిచేతి మీద పడ్డాయి. రెండు వేళ్ళు లేవు.

"చేతికేమైంది తమ్మీ?"

"అరవై అయిదు యుద్ధంలో పోయినయ్యక్కా. మందుగుండు పేలింది."

"ఇంటర్వ్యూల జెప్పినవా?"

"చెప్పకపోతే ఎట్టాగక్కా?" అన్నాడు సామేలు నవ్వుతూ. "దెబ్బ తగిలినోళ్ళకి అందరికన్నా ముందు ఇవ్వాలని సర్కారు రూలు. మా ఊళ్ళో రిటైరైన హవల్దారుగారు చెప్పబట్టి తెలిసింది. లేకపోతే నేనూ చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణే. ఈ వేళ్ళు పోబట్టే నాకు కూడు దొరికిందనుకో."

భూదేవి చేతిలో గిన్నె జారి పప్పంతా నేలపాలైంది. సామేలు కంగారుపడి ఎత్తబోయాడు. ఆమె అతన్ని తిట్టాలనుకుంది, తిట్టలేకపోయింది. అతని చెయ్యి కూడా కోతపడ్డ చెయ్యే. తిట్టుకోవలసింది తన నోటినే అనిపించింది.

పరుగున రూతు గారి గదికి వెళ్ళి, గుమ్మంలోనే కూలబడింది.

"ఎల్లమ్మ మీద అబద్ధపు ఒట్టేసిన అమ్మా. మా ఆయనకు కాలేళ్ళు లెవ్వు. రెండు కాళ్ళకు లెవ్వు. మంచుల పోయినయ్."

రూతు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. 

"అడిగానే భూదేవీ! నిన్నడిగాను, ఆయన్నీ అడిగాను. మేం అడిగింది ఆయనకి ఇవ్వడానికే. స్టోరు పని తెలిసినవాడు. దెబ్బ ఉందని ఒక్క మాటంటే చాలు, ఉద్యోగం ఆయనదే."

"ఎందుకడుగుతున్నరో జెప్పలేదు గదమ్మా. ఇంతకుముందు అడిగినోళ్ళందరు ఎల్లగొట్టేటందుకే అడిగిన్రు."

 బోర్డులో కూర్చోబోయే మనిషి ముందుగా ఒకరికి రూలు విప్పి చెబితే పక్షపాతం అంటారని ఆ సాయంత్రం రూతు గారు నోరు కట్టుకున్నారు. న్యాయంగా ఉండాలనే ఊరుకున్నారు. ఆ న్యాయం ఎవరి నోటి కూడు తీసిందో ఆ మనిషి ఇప్పుడు ఆమె ఎదుట కూర్చుని ఏడుస్తోంది.

"సామేలు ఉద్యోగం తియ్యమని..." అని మొదలుపెట్టారు రూతు గారు.

"వద్దమ్మా. సామేలు చేతేళ్ళు గూడ పోయినయ్ గద. ఒక అవిటోని నోట్ల మన్ను గొట్టి ఇంకో అవిటోడు తింటడా?"

"అయితే పద. మీ ఆయన్ని చూస్తాను. ఇంకో పోస్టు వచ్చేదాకా నేనే వెంటపడతాను. ఆయన పేరు అందరికన్నా ముందు ఉండేలా చూస్తాను."

ఇద్దరూ ఆ మధ్యాహ్నమే తార్నాక సందుకు వచ్చారు. గోదాములో ఉండవలసిన రాజలింగం ఇంట్లో నేల మీద పడి ఉన్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆ జ్వరంలో కూడా రూతు గారిని గుర్తుపట్టి గోడ పట్టుకుని లేచి నిలబడబోయాడు. బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. భూదేవి కుడి బూటు లాగితే వచ్చిన వాసనకు రూతు గారు గోడ పట్టుకున్నారు. పాదం చీలమండ దాకా నల్లగా వాచి ఉంది.

గుమ్మం దగ్గరికి వచ్చిన వెంకటేశం ఆ కాళ్ళు చూసి నోరు తెరిచి నిలబడిపోయాడు. తరువాత అతనే పరుగెత్తి రిక్షా తెచ్చాడు. రాజలింగాన్ని చేతుల మీద ఎత్తి కూర్చోబెట్టాడు.

సికింద్రాబాదు పెద్దాసుపత్రిలో డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కిందుగా తీసేశారు. మంచు అడిగింది వేళ్ళనే. మిగతాది మన ఊరు తీసుకుంది.

మెలకువ వచ్చాక భూదేవి అతనికి అంతా చెప్పింది. చెప్పి, మంచం పట్టె మీద తల కొట్టుకుంది.

"నేనే వద్దన్న. నా నోరే నీ కాలు దీసింది."

"ఊకో ఏడువకు" అన్నాడు రాజలింగం నీరసంగా. "నువ్వు వద్దనకున్న నేను జెప్పకపోదును. దెబ్బ తాకిందని జెప్పుకునుడు నాకు రాదు." కాలు లేని చోట చదునుగా ఉన్న దుప్పటి వైపు చూశాడు. "గిప్పుడు అడుగుమను. ఇగ దాసేటందుకేం లేదు. గిప్పుడన్న నౌకరి ఇస్తరానే?"

భూదేవి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతి మీదే ముఖం ఆనించి ఏడ్చింది.

మంచం చుట్టూ సందువాళ్ళు నిలబడి ఉన్నారు. వెంకటరమణమ్మ గారు కళ్ళొత్తుకుంటున్నారు. వెంకటేశం రూతు గారి వైపు తిరిగి, "గిట్లని మాకు జెప్పలేదమ్మా. జెప్తే మేం నవ్వుదుమా?" అన్నాడు.

"చెబితే ఏం చేసేవాడివి?" అని అడిగారు రూతు గారు.

వెంకటేశం ఆలోచించాడు. అతను మంచివాడే, అందుకే అబద్ధం చెప్పలేకపోయాడు. తల వంచుకున్నాడు.

"నేనూ తక్కువ తినలేదులే" అన్నారు రూతు గారు.  "అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. పెట్టడానికి నేనున్నాను, అడగమని మాత్రం చెప్పలేదు. రూలు మా బల్ల మీద ఉండిపోయింది, దెబ్బ ఈయన బూటులో ఉండిపోయింది. రెండూ కలవకుండా మధ్యలో మనమంతా నిలబడ్డాం. బోణీ చెడుతుందన్న సేటు, పరుగెత్తించి చూసినవాళ్ళు, అరుగు మీద నవ్విన నువ్వు, నోరు విప్పని నేను. యుద్ధంలో పోయింది వేళ్ళే. కాలు పోయింది మన మధ్యకు వచ్చాక."

 పక్క మంచాలవాళ్ళు కూడా లేచి కూర్చుని వింటున్నారు. రూతు గారు రాజలింగం భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా ఆఖరి మాట చెప్పారు.

"సిపాయికి ఉద్యోగం ఎత్తిపెట్టాం, మన పని తీరిందనుకోకండి. తన దెబ్బను తల వంచకుండా చూపించుకునే చోటు ముందు ఇవ్వండి. అది ఇవ్వనంత కాలం, మనం ఎత్తిపెట్టిన ముద్ద ఆ సిపాయి నోటిదాకా పోదు."